క్షణాల కొలత – మార్కుల కోత

హుజూర్‌నగర్ పరిసర గ్రామాలలో మహాశివరాత్రి అనగానే మేళ్లచెరువు జాతర స్ఫురిస్తుంది. శంభులింగేశ్వరస్వామి దర్శనం ముగించుకున్న జనం ఎడ్ల పందేల మైదానం వైపు సాగుతారు. బలిష్ఠమైన ఎడ్ల జత బరువైన బండను లాగుతుంటే చుట్టూ కేకలు, ఈలలు మిన్నుముడతాయి. అక్కడ లెక్కకు వచ్చేది కేవలం బలం కాదు. ఇచ్చిన గడువులో ఆ జత బండను ఎంత దూరం లాగిందన్నదే గెలుపోటములను నిర్ణయిస్తుంది. గడువు ముగిసిన తరువాత అవే ఎడ్లు మరో పది అడుగులు లాగినా ఆ పది అడుగులకు విలువ లేదు. జతను పెంచిన రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. కొలిచేవారితో అంగుళాల కోసం అతడు వాదించవచ్చుగాని, అసలు గడువెందుకు పెట్టారని మాత్రం అడగడు.

పల్లెలలో ఆడిన పాత చెడుగుడులో గడియారమే లేదు. కూతకు వెళ్లిన ఆటగాని ఊపిరే అక్కడి కాలమానం. గుక్క తిప్పుకున్నాడా, లేదా అని అవతలి పక్షంవారు చెవి ఒగ్గి వినేవారు. తగవులన్నీ అక్కడే పుట్టేవి. నేటి కబడ్డీలో కూతకు 30 సెకన్ల గడువు ఏర్పడింది. కూత మానలేదు, కాని దానికి హద్దు మాత్రం బయట ఉన్న గడియారం చేతికి వెళ్లింది. దీనివలన ఆటలోని సొగసు కొంత తగ్గిందని పాతకాలపు ఆటగాళ్లు అనవచ్చు. తగవులు తగ్గాయన్నది మాత్రం ఎవరైనా ఒప్పుకోవలసిన మాట.

ఎడ్ల పందెంలో, కబడ్డీలో సహజమనిపించే ఈ కట్టుబాటు జిమ్నాస్టిక్స్ దగ్గరికి వచ్చేసరికి చాలామందికి కటువుగా తోస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. ఎడ్ల పందెం బల పరీక్ష. కబడ్డీ బలానికీ ఉపాయానికీ పరీక్ష. జిమ్నాస్టిక్స్‌లో వీటికి తోడు అందమూ ఉన్నది. సంగీతానికి అనుగుణంగా ఒక యువతి గాలిలోకి లేచి, రెండుసార్లు పల్టీ కొట్టి, పువ్వు రాలినంత మెత్తగా నేలకు దిగుతున్నప్పుడు ఎవరో ఒక మూల కూర్చుండి సెకన్లు లెక్కపెట్టడమేమిటని ప్రేక్షకునికి అనిపిస్తుంది. ఒక సెకను ఆలస్యమైనందుకు మార్కు కోయడం అరసికత కాదా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందు ఆ నియమాలు ఏమి చెబుతున్నాయో తెలుసుకోవాలి. నియమం తెలియకుండా నియమాన్ని నిందించడం మనలో చాలాకాలంగా ఉన్న అలవాటు.

మహిళల పోటీలలో కాలపరిమితి ముఖ్యంగా రెండు అంశాలకు వర్తిస్తుంది. మొదటిది బ్యాలెన్స్ బీమ్. ఇది 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల దూలం. నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. జానెడు వెడల్పైనా లేని ఈ దూలంపై క్రీడాకారిణి నడవాలి, ఎగరాలి, గిరగిర తిరగాలి, వెనుకకు పల్టీలు కొట్టాలి. ఇదంతా 90 సెకన్లలో ముగించాలి. 80వ సెకనుకు హెచ్చరిక గంట, 90వ సెకనుకు రెండవ గంట మోగుతాయి. రెండవ గంట మోగుతుండగా ఆమె పాదాలు నేలను తాకితే దోషం లేదు. ఆ తరువాత తాకితే 0.10 మార్కు కోత పడుతుంది. రెండవ అంశం ఫ్లోర్. 12 మీటర్ల చదరంలో సంగీతానికి అనుగుణంగా చేసే విన్యాసం ఇది. దీనికీ 90 సెకన్లే. తొలి కదలికతో మొదలైన లెక్క చివరి భంగిమతో ఆగుతుంది. మీరితే కోత అంతే, 0.10. పురుషుల ఫ్లోర్ విన్యాసానికి సంగీతం ఉండదు. పారిస్ ఒలింపిక్స్ నాటికి వారి గడువు 70 సెకన్లు.

ఇక విన్యాసానికి ముందు, తరువాత కూడా కొన్ని కట్టుబాట్లున్నాయి. పచ్చదీపం వెలిగిన 30 సెకన్లలో ఆరంభించకపోతే 0.30 కోత. ఆరంభానికి ముందు, ముగింపు తరువాత ప్రధాన న్యాయనిర్ణేతకు చేతులెత్తి అభివాదం చేయకపోతే మరో 0.30. అనగా గడువు మీరడం కన్న నమస్కారం మరవడం మూడు రెట్లు పెద్ద తప్పు! సభామర్యాదకు ఇంత విలువ కట్టిన క్రీడ మరొకటి ఉన్నదో లేదో చెప్పలేము.

ఒంటిని విల్లులా వంచే విద్య తెలుగువారికి కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణంలో శివరాత్రినాడు శ్రీశైలానికి చేరిన కళాకారులను వర్ణిస్తూ గడలపై ఆడేవారిని కూడా పేర్కొన్నాడు. ఊరూరా తిరిగి దొమ్మరాట ఆడినవారికి గడియారంతో పని లేదు. డోలు దెబ్బే వారికి కాలం. గుంపు పలచబడితే ఆట ముగిసినట్లు. అయితే అక్కడ పోటీ లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. చూసినవాడు మెచ్చి ఇచ్చిన గింజలో, పాత బట్టలో, పైసలో వారి ఫలితం. ఒకరి విద్యను మరొకరి విద్యతో పోల్చి, అంకెలలో తూచి, ఒకరికి స్వర్ణం మరొకరికి కాంస్యం ఇవ్వవలసి వచ్చినప్పుడు అందరికీ ఉమ్మడి కొలత కావలసి వస్తుంది. వేర్వేరు కుంచాలతో కొలిచిన ధాన్యంలో ఏది ఎక్కువో ఎవరు చెప్పగలరు?

హద్దు కళను చంపుతుందన్న వాదం పద్యం పుట్టిన నేలపై నిలవదు. హ్రస్వాక్షరాన్ని ఉచ్చరించే కాలం ఒక మాత్ర. దీర్ఘానికి రెండు మాత్రలు. ఛందస్సు అంటే కాలాన్ని అక్షరాలతో కొలవడమే. కందపద్యంలో మొదటి పాదానికి మూడు గణాలు, రెండవ పాదానికి ఐదు గణాలు. ఒక్కొక్క గణానికి నాలుగు మాత్రలు. సగం పద్యానికి ముప్పైరెండు మాత్రలకు మించి చోటు లేదు. ఆ ఇరుకులోనే తిక్కన సంభాషణలు నడిపాడు, సుమతీశతకకారుడు లోకనీతి చెప్పాడు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలే ఉండాలి, పదవ అక్షరం యతిస్థానం కావాలి. ఇరవైయొకటవ అక్షరం ఎంత మధురమైనదైనా అది పద్యంలోనిది కాదు. అట్లని పద్యం పేదదయిందని ఎవరూ అనలేదు. సంగీతంలో తాళం కూడా ఇటువంటిదే. పల్లవిని ఎంత విస్తరించినా గాయకుడు సమానికి చేరకపోతే సభ పెదవి విరుస్తుంది. బీమ్‌పై మోగే 80వ సెకను గంట యతిస్థానం వంటిది. ఇక్కడి నుండి ముగింపు మొదలు కావాలని అది చెబుతుంది. అది విన్న తరువాత తొందరపడకుండా, తడబడకుండా, మిగిలిన పది సెకన్లలో చివరి ఉరుకును పూర్తి చేయడం కూడా ఆ విద్యలో భాగమే.

గడువుకు శారీరకమైన కారణం కూడా ఉన్నది. దానిని ప్రేక్షకులు సాధారణంగా గమనించరు. ఫ్లోర్ విన్యాసంలో పరుగెత్తి వరుస పల్టీలు కొట్టిన ప్రతిసారీ ఊపిరి ఎగసిపడుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. గడువే లేకపోతే ఒక పల్టీల వరుసకూ మరొక దానికీ మధ్య మూలన నిలిచి, చేతులు అటూ ఇటూ తిప్పుతూ, కావలసినంత విశ్రాంతి తీసుకోవచ్చు. అప్పుడు కష్టమైన పల్టీ కష్టం కానే కాదు. మూడు నిమిషాలలో నాలుగు వరుసలు కొట్టినవారికి, ఒకటిన్నర నిమిషంలో కొట్టినవారికి ఒకే మార్కు వేయడం న్యాయమెట్లా అవుతుంది? అలసట విన్యాసపు బరువులో ఒక పాలు. గడువు ఆ బరువును అందరి భుజాలపై సమానంగా ఉంచుతుంది.

నియమం మంచిదని ఒప్పుకున్నంత మాత్రాన అందులోని కోత కూడా సరైనదని చెప్పలేము. ఇక్కడ జిమ్నాస్టిక్స్‌లోని రెండు శాఖలను పోల్చి చూడవలసి ఉన్నది. బీమ్‌పై గడువు మీరిన తరువాత చేసిన విన్యాసాన్ని న్యాయనిర్ణేతలు లెక్కలోకి తీసుకుంటారు. మేళ్లచెరువు ఎడ్ల పదడుగుల వలె దానిని తోసివేయరు. విన్యాసానికి విలువ ఇచ్చి, ఆలస్యానికి మాత్రం 0.10 కోస్తారు. ఇది ఉదారమైన పద్ధతి. కాని ఒక సెకను మీరినా 0.10, ఎనిమిది సెకన్లు మీరినా 0.10. గంట మోగుతుండగా అరక్షణం వెనుకబడినవారికీ, గంటను లక్ష్యపెట్టనివారికీ ఒకే శిక్ష. రిబ్బను, బంతి, వలయం వంటి సాధనాలతో చేసే రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో పద్ధతి వేరు. వ్యక్తిగత విన్యాసం 75 సెకన్లకు తగ్గకూడదు, 90 సెకన్లకు మించకూడదు. తగ్గిన ప్రతి సెకనుకూ, మించిన ప్రతి సెకనుకూ 0.05 చొప్పున కోత. తప్పు ఎంతో శిక్ష అంత. రెండింటిలో రెండవదే ధర్మానికి దగ్గరగా ఉన్నదనడంలో సందేహం లేదు. కళాత్మక శాఖవారు రిథమిక్ శాఖ నుండి ఈ ఒక్క పాఠం నేర్చుకున్నా మేలు.

ఈ రిథమిక్ శాఖ మన రాష్ట్రానికి బొత్తిగా అపరిచితమైనది కాదు. హైదరాబాదుకు చెందిన మేఘనారెడ్డి గుండ్లపల్లి 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో భారతదేశం తరఫున ఈ విభాగంలో పాల్గొన్నది. ప్రతి విన్యాసాన్నీ పదిహేను సెకన్ల సందులో, అనగా 75కూ 90కీ నడుమ ముగించవలసిన పోటీ అది. సంగీతాన్ని కత్తిరించి కూర్చుకునే నాడే ఈ లెక్క మొదలవుతుంది. ఆ సంగీతం విషయంలోనూ రెండు శాఖలకు తేడా ఉన్నది. మహిళల ఫ్లోర్ విన్యాసంలో మాటలున్న పాట వాడితే ఏకంగా 1.00 కోత. గొంతును వాద్యంగా వాడవచ్చునుగాని పదం వినిపించకూడదు. రిథమిక్‌లో మాత్రం పాటకు అనుమతి ఉన్నది. మన జానపద గేయం ఒకటి ఆ వేదికపై వినిపించడానికి నియమం అడ్డు రాదు. వినిపించేవారు కావాలి.

ఇంత చిన్న అంకెలకు ఇంత చర్చ అవసరమా అని సందేహించేవారు 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచకప్ పోటీని తలచుకోవాలి. హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి అక్కడ వాల్ట్‌లో కాంస్యపతకం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయ క్రీడాకారిణిగా ఆమె పేరు నిలిచింది. మొదట కరాటే నేర్చి, తండ్రి ప్రోత్సాహంతో జిమ్నాస్టిక్స్‌కు మళ్లి, లాల్‌బహదూర్ స్టేడియంలో సాధన చేసిన అమ్మాయి ఆమె. ఆనాడు ఆమె సాధించిన మార్కులు 13.649. రజతం గెలిచిన ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఎమిలీ వైట్‌హెడ్ మార్కులు 13.699. తేడా 0.050. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో ఒక్క సెకను ఆలస్యానికి పడే కోత సరిగ్గా ఇంతే. వాల్ట్ కొన్ని సెకన్లలో ముగిసే అంశం గనుక అక్కడ విన్యాసానికి కాలపరిమితి లేదు. కాని పచ్చదీపం వెలిగిన తరువాత 30 సెకన్లలో పరుగు మొదలుపెట్టకపోతే పడే 0.30 కోత, పతకాల మధ్య ఉన్న ఈ తేడాకు ఆరు రెట్లు. 2016లో రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ 15.066 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచింది. కాంస్యం 15.216 మార్కులకు దక్కింది. తేడా 0.150. ఒక దేశం యావత్తూ ఏళ్ల తరబడి చెప్పుకున్న నిరాశ ఆ మూడంకెలలో ఉన్నది. అరుణారెడ్డి 2021లో కైరోలో జరిగిన ఫారోస్ కప్ పోటీలో వాల్ట్‌తోపాటు ఫ్లోర్‌లోనూ స్వర్ణం గెలిచింది. ఆ ఫ్లోర్‌పై ఆమె విన్యాసానికి కూడా 90 సెకన్ల హద్దే ఉన్నది.

నియమాలు నిర్దయగా ఉన్నాయని మాత్రం అనుకోకూడదు. బీమ్‌పై నుండి పడిపోయిన క్రీడాకారిణికి 1.00 కోత పడుతుంది. ఇది పెద్ద శిక్షే. అయితే ఆమె పడిన క్షణంలో విన్యాసపు గడియారం ఆగిపోతుంది. లేచి నిలిచి, చేతులకు సుద్దపొడి రాసుకుని, ఊపిరి కూడగట్టుకుని తిరిగి దూలం ఎక్కడానికి 10 సెకన్ల గడువు ఇస్తారు. ఈ పది సెకన్లు ఆ 90లో కలవవు. బార్స్‌పై అయితే 30 సెకన్లు. దానిని మించితే 0.30 కోత, ఒక నిమిషం దాటితే విన్యాసం ముగిసినట్లే. పడినవారికి లేచేందుకు వేరుగా కాలం కేటాయించిన శాస్త్రకారులు మానవ స్వభావం ఎరిగినవారని ఒప్పుకోవాలి. మన పరీక్షలలో మధ్యలో కళ్లు తిరిగిన విద్యార్థికి ఆ పాటి వెసులుబాటు లేదు.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, కాలాన్ని కొలిచేవారి దగ్గర. ఆడేవారికి గంట ఉన్నది, కోత ఉన్నది. కొలిచేవారు తప్పు చేస్తే ఏమిటి? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల ఆల్‌రౌండ్ పోటీ జరుగుతుండగా వాల్ట్ సాధనాన్ని ఉండవలసిన ఎత్తుకు 5 సెంటీమీటర్లు తక్కువగా అమర్చారు. అలవాటైన ఎత్తును నమ్మి దూకినవారు పట్టు తప్పి పడిపోయారు. పోటీ సగం గడిచిన తరువాత అలానా స్లేటర్ అనే ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఆ లోపాన్ని గుర్తించేవరకు ఎవరూ కనిపెట్టలేదు. నష్టపోయినవారికి మళ్లీ దూకే అవకాశం ఇచ్చారు. కాని అప్పటికే చెదరిన మనస్సును, మరో సాధనంపై పోగొట్టుకున్న మార్కులను ఎవరు తిరిగి ఇస్తారు?

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇంతకన్న చిత్రమైన సంఘటన జరిగింది. దక్షిణ కొరియా క్రీడాకారుడు యాంగ్ టేయంగ్ పారలల్ బార్స్‌పై చేసిన విన్యాసానికి 10.0 బదులు 9.9 ఆరంభ విలువ కట్టారు. ఆ పదోవంతు మార్కు పోవడంతో అతడు మూడవ స్థానానికి పరిమితమైనాడు. అది కలిస్తే స్వర్ణం అతనిదే అయ్యేది. పొరపాటు జరిగిందని అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకున్నది, ముగ్గురు న్యాయనిర్ణేతలను సస్పెండ్ చేసింది. అయినా క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం యాంగ్ అభ్యర్థనను త్రోసిపుచ్చింది. కారణం, పోటీ జరుగుతుండగా చేయవలసిన అభ్యంతరం సకాలంలో చేయలేదని. తప్పు చేసినవారు తప్పు ఒప్పుకున్నారు. తప్పు జరిగినవాడు మాత్రం ఆలస్యం చేశాడు. పతకం మారలేదు.

సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2024 ఆగస్టు 5న పారిస్‌లో మహిళల ఫ్లోర్ ఫైనల్ జరిగింది. చివరగా వచ్చిన అమెరికా క్రీడాకారిణి జోర్డన్ చైల్స్‌కు మొదట 13.666 మార్కులు వచ్చాయి. ఆమె శిక్షకురాలు అభ్యంతరం చెప్పగా ఒక విన్యాసానికి విలువ పెరిగి మార్కులు 13.766 అయినాయి. కాంస్యం ఆమెకు దక్కింది. అప్పటికే 13.700 మార్కులతో కాంస్యం తనదేనని జెండా పట్టుకుని సంబరపడుతున్న రుమేనియా అమ్మాయి అనా బర్బోసు నిశ్చేష్టురాలైంది. తరువాత విచారణలో తేలిందేమిటంటే, చివరి క్రీడాకారిణి తరఫున అభ్యంతరం ఒక నిమిషంలోగా చెప్పాలి, చైల్స్ తరఫున అది 1 నిమిషం 4 సెకన్లకు నమోదైనది. ఆగస్టు 10న మధ్యవర్తిత్వ న్యాయస్థానం పాత మార్కులనే పునరుద్ధరించింది. కాంస్యం బర్బోసు చేతికి వెళ్లింది. అభ్యంతరం గడువులోగానే, 47వ సెకనుకే, చెప్పినట్లు వీడియో ఉన్నదని అమెరికా సమాఖ్య ఆ తరువాత వాదించింది. సెప్టెంబరులో చైల్స్ స్విట్జర్లాండు సమాఖ్య న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

ఈ వివాదంలో ఎవరి పక్షం వహించాలన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇద్దరు యువతులూ తమ విద్యను తాము ప్రదర్శించారు, ఇద్దరూ నిర్దోషులే. గమనించవలసినది మరొకటి ఉన్నది. ఫ్లోర్‌పై నాలుగు సెకన్లు గడువు మీరిన క్రీడాకారిణికి 0.10 కోతతో సరిపోతుంది. మైదానం పక్కన నాలుగు సెకన్లు ఆలస్యంగా నోరు విప్పితే పతకమే పోతుంది. అంతకన్న ఆశ్చర్యకరమైనది, ఒక నిమిషం నియమాన్ని అమలు చేసేందుకు ఆనాడు సరైన ఏర్పాటే లేకపోవడం. గడువు దాటిందని అభ్యంతరాన్ని అక్కడికక్కడే నిరాకరించినవారు లేరు. దానిని స్వీకరించినది ఎవరో విచారణలో సమాఖ్య పేరు పెట్టి చెప్పలేకపోయింది. బీమ్‌పై నిలిచిన అమ్మాయికి పది సెకన్ల ముందు గంట కొట్టే సమాఖ్య, పతకాన్ని తారుమారు చేయగల ఆ ఒక్క నిమిషానికి ఒక గంట కూడా ఏర్పాటు చేయలేదు. నియమం కఠినంగా ఉండవచ్చు. కాని కఠిన నియమానికి కనిపించే గడియారం, గడియారం పట్టినవారికి ఒక పేరు ఉండి తీరాలి. అవి లేనినాడు ఆడేవారి తప్పుకు వేసే కోతకూ, కొలిచేవారి అశ్రద్ధకు ఆడేవారు చెల్లించే మూల్యానికీ తేడా చెరిగిపోతుంది.

పారిస్ సంగతి హుజూర్‌నగర్‌కు దూరమైనదని తోచవచ్చు. స్ప్రింగుల నేల, బీమ్, వాల్ట్ ఖరీదైన సాధనాలు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల జూనియర్ కళాశాలల విద్యార్థులలో చాలామంది వాటిని టెలివిజన్‌లో మాత్రమే చూసి ఉంటారు. కాని గడువు, గంట, కోత అనే మూడూ వారికి తెలియనివి కావు. వక్తృత్వపు పోటీ ఇందుకు మంచి ఉదాహరణ. ఐదు నిమిషాల ప్రసంగానికి నాలుగవ నిమిషం చివర ఒక గంట, ఐదవ నిమిషం చివర మరొక గంట మోగుతాయి. బీమ్ పోటీ పద్ధతి అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే, రెండవ గంట తరువాత కొనసాగిన ప్రసంగానికి ఎన్ని మార్కులు కోస్తారో చాలాచోట్ల ముందుగా చెప్పరు. ఒక న్యాయనిర్ణేత ఐదు మార్కులు కోస్తారు, పక్కనున్నవారు అసలు కోయరు, మూడవవారు ప్రసంగం బాగుందని గంటనే మరచిపోతారు. ఫలితం ప్రకటించిన తరువాత ఓడిన విద్యార్థి తాను ఎక్కడ ఓడినాడో తెలియక ఇంటికి వెళతాడు. తన భాషలో లోపమున్నదా, భావంలో ఉన్నదా, లేక పన్నెండు సెకన్ల ఆలస్యంలో ఉన్నదా? తెలియని లోపాన్ని ఎవరు దిద్దుకోగలరు?

సామూహిక యోగాసనాలు, నృత్యం, ఏకపాత్రాభినయం, కబడ్డీ వంటి పోటీలన్నింటిలోనూ ఇదే పరిస్థితి ఏర్పడే అవకాశం ఉన్నది. దీనికి పరిష్కారం ఖర్చుతో కూడుకున్నది కాదు. సాధన మొదలుపెట్టిన నాడే వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ అంశపు నియమాలను పిల్లలచేత చదివించాలి. విన్యాసం చక్కగా వచ్చిన తరువాత సమయం చూసుకోవచ్చుననే పద్ధతి పనికిరాదు. అది పద్యం అంతా రాసి ఆ తరువాత గణాలు సరిచూసుకోవడం వంటిది. అట్లా సరిచేసిన పద్యంలో అతుకులే మిగులుతాయి. గడియారాన్ని న్యాయనిర్ణేతల బల్లపై బోర్లించి పెట్టడం మాని, ఆడేవారికీ చూసేవారికీ కనబడే చోట నిలపాలి. మీరిన సెకన్లకు తగినట్లు కోత ఎంతో పోటీకి ముందే పలకపై రాయాలి. పోటీ ముగిసిన తరువాత ప్రతి విద్యార్థికీ ఇచ్చే చీటీలో వచ్చిన మార్కులు, పట్టిన సమయం, కోసిన మార్కులు వేరువేరుగా ఉండాలి. కింద ఆ సమయాన్ని కొలిచినవారి సంతకం ఉండాలి.